సొంతంగా సిరామిక్ నేల: టైల్ కంటే ముందు గచ్చును చూడాలి

ఖరగ్‌పూర్: కొత్తగా పరిచిన సిరామిక్ టైల్ ఏడాది తిరగకముందే కదిలినా, అడుగు వేసినచోట డొల్లగా మోగినా ఇంటివారు ముందుగా నిందించేది టైల్‌నే. చాలా సందర్భాల్లో లోపం టైల్‌లో ఉండదు. దాని కింద ఉన్న గచ్చులోనో, ఆ గచ్చులో మిగిలిపోయిన తేమలోనో, రెండింటినీ కలిపే జిగురు పొరలోనో ఉంటుంది. మేస్త్రీని పెట్టుకోకుండా ఒక గదికి సొంతంగా టైల్స్ వేసుకోదలచినవారు తొలి టైల్ చేతిలోకి తీసుకోకముందే సగం పని పూర్తి చేయవలసి ఉంటుందని దీని అర్థం. ఎర్రనేల, సుదీర్ఘ వర్షాకాలం ఉన్న ఖరగ్‌పూర్ వంటి పట్టణంలో ఈ సూత్రాన్ని విస్మరిస్తే చెల్లించవలసిన మూల్యం ఎక్కువ.

రైల్వే పట్టణం, సొంత ఇల్లు

హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో ఉన్న ఖరగ్‌పూర్‌ను బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే తీర్చిదిద్దింది. తూర్పు తీర రైలు మార్గంలోని ఉత్తర భాగం 1902లో ఆ సంస్థ చేతికి వచ్చింది. వాల్తేరు వైపు నుంచి నేరుగా రైలు దారి ఏర్పడటంతో ఉత్తరాంధ్ర కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఇక్కడి వర్క్‌షాపునకు, రైల్వే కొలువులకు తరలివచ్చాయి. వారి తరువాతి తరాలు ఇక్కడే స్థిరపడ్డాయి. పట్టణంలోని తెలుగువారి సంఖ్యను దృష్టిలో ఉంచుకొని 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్రంలో అధికార భాష హోదా కల్పించేందుకు ఆమోదం తెలిపింది.

రైల్వే క్వార్టరులో ఎన్నేళ్లు గడిపినా ఉద్యోగ విరమణ తరువాత దానిని అప్పగించవలసిందే. అది ప్రభుత్వ ఆస్తి కనుక పరిపాలన అనుమతి లేకుండా నేలను తవ్వడం, మార్చడం కుదరదు. అందువల్ల ఈ వ్యాసంలోని సూచనలు సొంత ఇళ్లకే వర్తిస్తాయి. మలంచ, తాల్‌బాగిచా, ఇందా వంటి ప్రాంతాల్లో ఇల్లు కట్టుకున్న విశ్రాంత ఉద్యోగికి నేల అంటే ఒక్కసారి పెట్టే ఖర్చు. మళ్లీ తవ్వించి వేయించే స్తోమత అందరికీ ఉండదు. అదే నేలపై వృద్ధులు నడవాలి కాబట్టి, ఎగుడుదిగుడు అంచులు, జారే ఉపరితలం కేవలం అందానికి సంబంధించిన లోపాలు కావు.

ఎర్రనేల, కిందినుంచి వచ్చే తేమ

ఖరగ్‌పూర్ పరిసరాల్లో ఉన్నది లాటరైట్ నేల. ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు అధికంగా ఉండే ఈ ఎర్రనేలలో సన్నని రంధ్రాలు ఎక్కువ. జూన్ నుంచి సెప్టెంబరు వరకు కురిసే వాన ఈ నేలలోకి ఇంకుతుంది. నేలమీదే నిర్మించిన గది అడుగున తేమను అడ్డుకునే పొర లేకపోతే ఆ తడి కేశనాళికల ద్వారా ఎగబాకినట్లు కాంక్రీటు గుండా పైకి చేరుతుంది. గోడ అడుగున పెయింటు పొక్కులు రావడం, గచ్చుపై తెల్లని ఉప్పు పొర పేరుకోవడం దీనికి గుర్తులు.

దీనిని తెలుసుకునేందుకు సులభమైన పరీక్ష ఉంది. పారదర్శకమైన పాలిథీన్ షీటును దాదాపు 45 సెంటీమీటర్ల చదరంగా కత్తిరించి, గచ్చుపై పరచి, నాలుగు వైపులా టేపుతో గాలి చొరబడకుండా అంటించాలి. కనీసం 16 గంటల తరువాత తీసి చూడాలి. షీటు లోపలి వైపు నీటి బిందువులు కనిపించినా, గచ్చు రంగు ముదిరినా తేమ కిందినుంచి వస్తున్నట్లే. గది మధ్యలో ఒకచోట, బయటి గోడకు దగ్గరగా మరోచోట ఈ పరీక్ష చేయడం మంచిది. వర్షాకాలంలో తేమ కనిపించిన గదికి ముందుగా తేమ నిరోధక పొర వేయించాలి. ఆ పని చేయకుండా ఎంత ఖరీదైన టైల్ పరచినా ఫలితం ఉండదు.

కాలం ఎంపిక కూడా ముఖ్యమే. ఏప్రిల్, మే నెలల ఎండలో జిగురు పైపొర త్వరగా ఆరిపోయి టైల్‌ను పట్టుకోదు. వర్షాకాలంలో గచ్చు ఆరదు. ఈ ప్రాంతంలో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉండే పొడి, చల్లని రోజులు ఈ పనికి అనుకూలం. అయితే వానలు వెళ్లిన తరువాత పొడిగా కనిపించే గచ్చు మరుసటి ఆషాఢంలోనూ అలాగే ఉంటుందని అనుకోరాదు. గోడల అడుగున పాత మరకలు ఉన్నాయేమో చూసి నిర్ణయించుకోవాలి.

ఏ గదితో ఆరంభించాలి

మొదటిసారి ఈ పని చేసేవారు నాలుగు మూలలూ సరిగా ఉన్న చిన్న పడక గదిని ఎంచుకోవాలి. 300 లేదా 400 మిల్లీమీటర్ల చదరపు సిరామిక్ టైల్స్ కొత్తవారికి అనువైనవి. 600 మిల్లీమీటర్లు, అంతకు మించిన విట్రిఫైడ్ పలకలు బరువుగా ఉంటాయి. గచ్చులోని చిన్న ఎత్తుపల్లాలను కూడా అంచుల వద్ద బయటపెడతాయి. స్నానాల గదికి నీటి నిరోధక పొర, దానిపై నీరు నిలిపి చూసే పరీక్ష, గొట్టం వైపు సరైన వాటం అవసరం. అందులో పొరపాటు జరిగితే కింది అంతస్తుకో, పక్క గోడకో నీరు చేరుతుంది. ఆ పనిని అనుభవం ఉన్న మేస్త్రీకి వదిలివేయడమే వివేకం.

టైల్ ఎంపికలో చూడవలసినవి

దేశంలో సిరామిక్ టైల్స్ ఉత్పత్తికి గుజరాత్‌లోని మోర్బీ ప్రధాన కేంద్రం. నొక్కి తయారుచేసే టైల్స్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 15622. నీటిని పీల్చుకునే గుణాన్ని బట్టి టైల్స్‌ను వర్గాలుగా విభజిస్తారు. తన బరువులో 0.5 శాతానికి మించి నీరు పీల్చనివి విట్రిఫైడ్ తరగతికి చెందినవి. సాధారణ సిరామిక్ నేల టైల్స్ ఎక్కువగా 3 నుంచి 10 శాతం మధ్య ఉంటాయి. 10 శాతానికి మించి పీల్చేవి గోడలకు ఉద్దేశించినవి. అవి చూడటానికి ఒకేలా ఉన్నా, చవకగా దొరికినా నేలకు వాడరాదు. బరువు పడితే పగులుతాయి.

కొనేటప్పుడు మరో మూడు అంశాలను గమనించాలి. మొదటిది, పెట్టెలన్నింటిపైనా బ్యాచ్, షేడ్ సంఖ్యలు ఒకటే ఉండాలి. వేరువేరు బ్యాచ్‌ల టైల్స్‌లో రంగు మాత్రమే కాదు, కొలతలోనూ స్వల్ప తేడా వస్తుంది. రెండవది, రెండు టైల్స్‌ను ముఖాముఖిగా ఆనించి మధ్యలో ఖాళీ ఉన్నదేమో చూడాలి. వంపు ఎక్కువగా ఉన్న టైల్స్‌తో అంచులు కలవవు. మూడవది, వంటగదికి, వరండాకు, వృద్ధుల గదికి మెరుపు లేని గరుకు రకం తీసుకోవాలి. తడి పడినప్పుడు నిగనిగలాడే ఉపరితలం జారుతుంది.

గచ్చు సిద్ధం చేయడం

కొత్తగా పోసిన కాంక్రీటు గచ్చుపై 28 రోజులు గడిచిన తరువాతే టైల్స్ వేయాలి. ఆరే క్రమంలో కాంక్రీటు కుంచించుకుపోతుంది. ఆ కదలిక పూర్తికాకముందే టైల్ అతికిస్తే జిగురు పొర తెగిపోతుంది.

బెంగాల్ పాత ఇళ్లలో తరచుగా కనిపించే నున్నని ఎర్ర ఆక్సైడ్ గచ్చుపై నేరుగా అతికించడం సాధారణంగా జరిగే పొరపాటు. ఏళ్ల తరబడి తుడిచి, మైనం రాసి నిగ్గుతేల్చిన ఆ ఉపరితలాన్ని జిగురు పట్టుకోదు. ఉలి, సుత్తితో దగ్గర దగ్గరగా గాట్లు పెట్టి, ధూళిని పూర్తిగా తొలగించాలి. సుత్తి పిడితో తట్టినప్పుడు డొల్లగా మోగిన భాగాన్ని పగలగొట్టి, సిమెంటు మిశ్రమంతో పూడ్చాలి. పాత గచ్చులో పగుళ్లు పెరుగుతున్నట్లు కనిపిస్తే, ముందుగా ఇంటి పునాదిని నిపుణులకు చూపించాలి.

సమతలాన్ని తెలుసుకునేందుకు 2 మీటర్ల నిటారు అల్యూమినియం బద్దను గచ్చుపై అన్ని దిశల్లోనూ పెట్టి చూడాలి. బద్ద కింద 3 మిల్లీమీటర్లకు మించి ఖాళీ ఉంటే ఆ పల్లాన్ని ముందే నింపాలి. జిగురును మందంగా వేసి సరిచేద్దామనుకోవడం తప్పు. మందమైన పొర ఆరుతూ కుంగుతుంది, టైల్ అంచు దిగిపోతుంది. టైల్, జిగురు కలిసి నేల మట్టాన్ని సుమారు 12 నుంచి 15 మిల్లీమీటర్లు పెంచుతాయి కనుక తలుపు అడుగు భాగం తగులుతుందేమో ఈ దశలోనే కొలుచుకోవాలి.

లెక్క ఎక్కడ తప్పుతుంది

చాలామంది గది వైశాల్యాన్ని టైల్ వైశాల్యంతో భాగించి, 10 శాతం కలిపి కొంటారు. ఈ లెక్క కొన్ని గదులకు సరిపోదు. 3.3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న గదిని ఉదాహరణగా తీసుకుందాం. వైశాల్యం 9.9 చదరపు మీటర్లు. 400 మిల్లీమీటర్ల టైల్ ఒక్కొక్కటి 0.16 చదరపు మీటర్లు ఆక్రమిస్తుంది. ఈ లెక్కన 62 టైల్స్ చాలు, 10 శాతం కలిపితే 68.

ఇప్పుడు అదే గదిని గీసి చూద్దాం. టైల్స్ మధ్య 3 మిల్లీమీటర్ల సందు ఉంచితే పొడవున 8 నిండు టైల్స్ 3,221 మిల్లీమీటర్లు తీసుకుంటాయి. మిగిలిన 79 మిల్లీమీటర్లను రెండు గోడలకు సమంగా పంచితే ఇరువైపులా వేలెడు వెడల్పు పట్టీలు వస్తాయి. అటువంటి పట్టీలు కోతలోనే విరుగుతాయి. కనుక మధ్యలో 7 నిండు టైల్స్ ఉంచి, రెండు చివరలా దాదాపు 230 మిల్లీమీటర్ల ముక్కలు వేయాలి. వెడల్పున 6 నిండు టైల్స్, రెండు వైపులా సుమారు 280 మిల్లీమీటర్ల ముక్కలు వస్తాయి. అంటే 9 వరుసలు, వరుసకు 8 చొప్పున మొత్తం 72 స్థానాలు. ముక్క తీయగా మిగిలిన భాగం చిన్నది కాబట్టి మరో అంచుకు పనికిరాదు. కనుక 72 టైల్స్ కావాలి, విరిగేవాటితో కలిపి 80 తీసుకోవాలి. వైశాల్యం లెక్క నమ్మి 68 కొన్నవారికి పని మధ్యలో టైల్స్ అయిపోతాయి. అప్పటికి దుకాణంలో అదే బ్యాచ్ ఉంటుందన్న హామీ లేదు.

పొడవున ఒక గోడ వద్ద నిండు టైల్‌తో ఆరంభించి, ఎదుటి గోడ వద్ద ఒకే పట్టీ వేస్తే సుమారు 66తో సరిపోతుంది. అయితే ఆ పట్టీ 60 మిల్లీమీటర్ల వెడల్పే ఉంటుంది. మంచమో, బీరువానో కప్పే గోడ అయితేనే ఈ పద్ధతి నయం. ఏది ఎంచుకున్నా, ముందుగా కాగితంపై గీసి, ఆ తరువాత జిగురు లేకుండా ఒక అడ్డ వరుస, ఒక నిలువు వరుస పరచి చూసుకోవాలి.

గదికి నడిమి గీతలు గీసేటప్పుడు గోడలను ప్రమాణంగా తీసుకోరాదు. గోడలు మూలమట్టానికి ఉండటం అరుదు. ఒక గీతపై 3 అడుగులు, దానికి అడ్డంగా గీసిన గీతపై 4 అడుగులు గుర్తుపెట్టినప్పుడు ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 అడుగులు ఉంటే కోణం లంబంగా ఉన్నట్లు. వరుసలో నిండు టైల్స్ సరి సంఖ్యలో ఉంటే సందు నడిమి గీతపై రావాలి, బేసి సంఖ్యలో ఉంటే టైల్ మధ్య భాగం గీతపై రావాలి.

జిగురు, పళ్ల తాపీ

తడి సిమెంటు పూసి టైల్ పెట్టడం పాత పద్ధతి. నీటిని బాగా పీల్చే టైల్స్‌ను ముందుగా నానబెట్టి ఆ విధంగా వేసేవారు. నీటిని దాదాపు పీల్చని విట్రిఫైడ్ టైల్‌ను కేవలం సిమెంటు పాలతో అతికిస్తే పట్టు బలహీనంగా ఉంటుంది. పాలిమర్ కలిపిన పొడి జిగురుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 15477. ఇందులో 5 రకాలు ఉన్నాయి. ఇంటి లోపల, పొడి గదిలో, సిమెంటు గచ్చుపై సాధారణ సిరామిక్ టైల్‌కు మొదటి రకం సరిపోతుంది. జిగురుతో వేసేటప్పుడు టైల్‌ను నానబెట్టరాదు. వెనుక అంటిన తెల్లని పొడిని తడి గుడ్డతో తుడిచి ఆరనిస్తే చాలు.

జిగురు వినియోగం చదరపు మీటరుకు, ఒక మిల్లీమీటరు మందానికి సుమారు 1.5 కిలోలు. 3 మిల్లీమీటర్ల పొరకు పైన చెప్పిన గదికి 45 కిలోలు, అంటే 20 కిలోల సంచులు 3 అవసరమవుతాయి. బకెట్టులో ముందు నీరు పోసి, తరువాత పొడి వేసి కలపాలి. 5 నిమిషాలు వదిలి మళ్లీ కలపాలి. గట్టిపడుతున్న మిశ్రమంలో నీరు పోసి వాడరాదు.

జిగురును తాపీ చదును వైపుతో గచ్చుకు గట్టిగా రుద్ది, ఆ తరువాత పళ్ల వైపుతో చాళ్లు తీయాలి. 300 మిల్లీమీటర్ల టైల్‌కు 6 మిల్లీమీటర్ల పళ్లు, 400 మిల్లీమీటర్ల టైల్‌కు 8 మిల్లీమీటర్ల పళ్లు వాడవచ్చు. చాళ్లన్నీ ఒకే దిశలో సమాంతరంగా ఉండాలి. గుండ్రంగా తీసిన చాళ్లలో గాలి చిక్కుకుంటుంది. టైల్‌ను ఆనించిన తరువాత చాళ్లకు అడ్డంగా కొద్దిగా ముందుకు, వెనక్కు జరిపితే గట్లు కూలి, గాలి బయటకు పోయి, పొర నిండుతుంది. టైల్ వెనుక నాలుగు మూలల్లో, నడుమ ముద్దలు పెట్టి అతికించే అలవాటే డొల్లతనానికి ప్రధాన కారణం. ముద్దల మధ్య ఖాళీపై కుర్చీ కాలు పడినా, బరువైన వస్తువు జారిపడినా టైల్ పగులుతుంది.

ఒకసారి చదరపు మీటరుకు మించి జిగురు పరచరాదు. చాలా రకాల జిగుళ్లు 20 నిమిషాల్లో పైపొర కడతాయి. వేలితో తాకినప్పుడు అంటుకోకపోతే ఆ జిగురును గీకి తీసివేసి కొత్తది వేయాలి. ఆరంభంలో వేసిన రెండు, మూడు టైల్స్‌లో ఒకదానిని వెంటనే పైకెత్తి వెనుక భాగం చూడాలి. పొడి గదిలో కనీసం 80 శాతం, తడి తగిలే చోట 95 శాతం మేర జిగురు అంటి ఉండాలి. తక్కువగా ఉంటే పెద్ద పళ్ల తాపీకి మారాలి. దూరపు మూల నుంచి తలుపు వైపు వెనక్కు వస్తూ పని చేస్తే తాజాగా వేసిన టైల్స్‌పై అడుగు పెట్టవలసిన అవసరం రాదు. ప్రతి వరుసకూ స్పేసర్లు పెట్టి, రసమట్టంతో, నిటారు బద్దతో సరిచూసుకుంటూ రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాలి.

కోత, ధూళి

10 మిల్లీమీటర్ల లోపు సిరామిక్ టైల్‌ను గీత గీసి విరిచే చేతి కట్టరు నిటారు కోతలకు సరిపోతుంది. దీనితో ధూళి దాదాపు రాదు. తలుపు చట్రం, గొట్టం చుట్టూ వచ్చే వంపు కోతలకు విద్యుత్ కట్టరు కావాలి. పొడిగా కోసినప్పుడు లేచే సన్నని ధూళిలో స్ఫటిక సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో చేరిన ఆ ధూళి సిలికోసిస్ కలిగిస్తుంది. ఆ వ్యాధి నయం కాదు. స్ఫటిక సిలికా ధూళిని మానవులలో క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో వర్గీకరించింది. ఒక గది పనితో ముగించే ఇంటి యజమాని కంటే రోజూ ఇదే పనిలో ఉండే కార్మికుడికి ముప్పు అనేక రెట్లు ఎక్కువ. కోత పనికి మేస్త్రీని పిలిచినా ఈ జాగ్రత్త వర్తిస్తుంది. నీటితో తడుపుతూ, ఆరుబయట కోయాలి. జేబురుమాలు ఈ ధూళిని ఆపలేదు. ముఖానికి బిగుతుగా అమరే ఎన్95 మాస్కు, కళ్లద్దాలు ధరించాలి. నీరు, విద్యుత్తు ఒకేచోట ఉంటాయి కనుక 30 మిల్లీఆంపియర్ల లీకేజీ రక్షణ ఉన్న ప్లగ్గు నుంచే కట్టరును నడపాలి. తడి సిమెంటు క్షార గుణం కలది కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి.

సందులు, అంచులు

గోడ చుట్టూ 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీని వదలాలి. పట్టాల అతుకుల వద్ద ఖాళీ ఎందుకు ఉంచుతారో రైల్వే పట్టణానికి వేరే చెప్పనక్కరలేదు. వేడికి, తేమకు నేల కూడా వ్యాకోచిస్తుంది. ఖాళీ లేకుండా గోడకు బిగించిన నేలలో ఒత్తిడి పెరిగి, నడిమి టైల్స్ గుడారంలా పైకి లేస్తాయి. ఆ ఖాళీని సిమెంటుతో నింపరాదు. దానిపై స్కర్టింగ్ వస్తుంది కనుక కనిపించదు.

టైల్స్ పరచిన 24 గంటల తరువాత సందుల్లో గ్రౌటు నింపవచ్చు. చల్లని, తేమ రోజుల్లో మరికొంత ఆగాలి. రబ్బరు పలకతో సందులకు ఏటవాలుగా నొక్కుతూ నింపి, కొద్దిసేపటి తరువాత బాగా పిండిన స్పాంజితో తుడవాలి. స్పాంజిలో నీరు ఎక్కువైతే గ్రౌటు రంగు మారి, బలం తగ్గుతుంది. నూనె, పసుపు మరకలు పడే వంటగదికి ఎపాక్సీ గ్రౌటు మెరుగైనది. అయితే అది త్వరగా గట్టిపడుతుంది కనుక కొద్దికొద్దిగా కలుపుకోవాలి.

పని ముగిసిన తరువాత

జిగురు సంచిపై సూచించిన గడువు ముగిసేవరకు బీరువా, మంచం వంటి బరువులు పెట్టరాదు. వారం తరువాత నాణెంతో ప్రతి టైల్‌ను తట్టి వినాలి. మూలన ఒకటి డొల్లగా మోగితే పెద్ద ప్రమాదం లేదు. నడకదారిలో వరుసగా మోగితే, పగలకముందే వాటిని తీసి మళ్లీ వేయడం మంచిది. మొదటి వర్షాకాలం గడిచాక సందుల్లో తెల్లని ఉప్పు కనిపిస్తే తేమ కిందినుంచి వస్తున్నట్లు గ్రహించాలి.

మిగిలిన టైల్స్‌లో కనీసం అరడజను దాచిపెట్టాలి. బ్యాచ్, షేడ్ సంఖ్యలున్న పెట్టె అట్ట ముక్కను కూడా వాటితోనే ఉంచాలి. పదేళ్ల తరువాత ఒక టైల్ పగిలినప్పుడు దుకాణంలో దొరకని జత ఇంటి అటకపై దొరుకుతుంది.